ఆరున్నర

రాత్రి ఏడున్నరకి సమీక్షల తాళం తీశారు.
రాయదుర్గం ఆఫీసు, నాలుగో అంతస్తు,
పదకొండు మందిమి, పదకొండు ఫోన్లు,
మధ్యలో ఎవరూ మూత తియ్యని బిర్యానీ బకెట్.

మొదటిది ఏడు.
రెండోది ఆరు.
మూడోది అంకె వెయ్యలేదు,
"పెద్ద యంత్రం ఉన్నవాళ్లు దీని జోలికి రావద్దు" అని
మర్యాదగా తలుపేసింది.
సరాసరి కట్టి నస్రీన్ మేడం బోర్డు మీద రాసింది:
ఆరున్నర.
"ఫస్ట్ క్లాసే కద మేడం" అన్నాడు సిద్ధిరాములు.
ఎవరూ నవ్వలేదు.
కాసేపటికి అందరం నవ్వాం, బకెట్ మూత తీశాం.

మా పని ఏమిటంటే
వేరే దేశంలో ఎవరో ఆరేళ్లు కట్టిన గ్రహాన్ని
టీవీ కింద పట్టే డబ్బాలో సర్దడం,
మూడు గదుల సామాను ఒక్క ట్రాలీ ఆటోలో ఎక్కించినట్టు.
ఏది దించెయ్యాలో చెప్పేది నేను.
శత్రువుల కవచాల మీద గీతలు దించేశాను.
గుండు తగిలాక రాలే పెంకుల్లో
పదింట ఏడు దించేశాను.
రెండో చంద్రుడి నీడని,
సముద్రంలో సగం అలల్ని,
చచ్చిపడ్డ సైనికుల బూట్ల లేసుల్ని.
(లేసులు ఎవరు చూస్తారు అనుకున్నా.
ఒకాయన చూశాడు. ఫొటో తీసి ఎర్ర సున్నా చుట్టాడు.)

అయినా డబ్బా వేడెక్కి రొప్పేది.
ఐదో అంకంలో, వంతెన దాటాక,
నగరం మొత్తం ఒక్కసారి కళ్లబడే చోట
బొమ్మ ఆగి ఆగి నడిచేది,
ఎర్రగడ్డ సిగ్నల్ దగ్గర సాయంత్రం బస్సులాగా.
పదిహేడు రాత్రులు బతిమాలాను.
పద్దెనిమిదో రాత్రి నగరాన్ని తీసేసి
దాని చోట పొగమంచు పెట్టాను.

ఆ మంచు నాకు ఎక్కడిదంటే,
ఒక డిసెంబర్‌లో నైట్ షిఫ్ట్ దిగి క్యాబ్‌లో వస్తుంటే
గండిపేట దగ్గర చెరువూ లేదు, రోడ్డూ లేదు.
డ్రైవర్ అద్దం దించి, రేడియో కట్టేసి,
చెవులతో నడిపాడు.
ఆ తెలుపు. కొంచెం బూడిద కలిపాను, అంతే.

సమీక్షకులకి మంచు నచ్చలేదు.
బద్ధకం అన్నారొకరు.
మోసం అన్నారొకరు.
"అక్కడ గుండె ఆగిన చోటే
ఇక్కడ కళ్లు నులుముకుంటాం" అని ఒకాయన.
బాగా రాశాడు, ఒప్పుకోవాలి,
రెండుసార్లు చదివాను.
తప్పు ఎవరూ రాయలేదు. అదీ బాధ.
తిట్టుకోడానికి ఒక్క అబద్ధమన్నా దొరకలేదు.

శనివారం. మలక్‌పేట. మా గల్లీ చివర
గంటకి నలభై రూపాయల దుకాణం.
నాలుగు టీవీలు, తిరిగే ఫ్యాన్లు రెండు,
రబ్బరు ఊడిన కంట్రోలర్‌కి సైకిల్ ట్యూబ్ ముక్క.
ముజ్తబా, తొమ్మిదో తరగతి, మా ఆటే పెట్టుకున్నాడు.
ఆరున్నర సంగతి వాడికి తెలియదు.
పెద్ద యంత్రం మొహం వాడు చూడలేదు.
బూట్లనీ చూడలేదు, తొక్కుకుంటూ పోయాడు.
వంతెన దాటాడు.
మంచు వచ్చింది.

వాడి వెనక నిలబడి నేను ఊపిరి బిగబట్టాను.
రొప్పాల్సింది డబ్బా కదా.

వాడు కాల్చడం ఆపాడు.
తుపాకీ దించాడు.
సౌండ్ పెంచమని పక్కవాడి మోకాలు తట్టి
టీవీ దాకా వంగాడు.
"ఠైర్ రే. అందర్ కోయీ హై."

లోపల ఎవరూ లేరు.
నాకు తెలుసు, ఖాళీ చేసింది నేనే.
ఒక్క గోడ లేదు, మెట్టు లేదు,
నేల కూడా నలభై అడుగులకి తెగిపోతుంది.
వాడు మాత్రం ఒక్కో అడుగే వేస్తున్నాడు,
పడుకున్నవాళ్లని దాటుతున్నట్టు.

"కదిలింది, చూసినవా అక్కా?"

నేనూ వంగాను.

టైం అయిపోయింది, లేవమన్నాడు దుకాణం ఆయన.
నలభై రూపాయలు నేనిచ్చాను.